కోరంగి ట్రిప్పులో జరిగింది కాలేజీ పరిధిలోకి వస్తుందా?

ప్రశ్న: కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. అసోసియేట్ ప్రొఫెసర్‌ని, మా డిపార్ట్‌మెంట్‌కి హెడ్‌ని కూడా. న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) పనులు నడుస్తున్నప్పుడు నన్ను లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలిగా వేశారు. ఆ కమిటీ ఇప్పటిదాకా ఒక్కసారీ కూర్చోలేదు. మొన్న గోదావరి మధ్య లంక ఊరి నుంచి పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వచ్చే సెకండియర్ అమ్మాయి ఒకతె స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చి ఏడ్చింది. రెండు నెలల కిందట ఒక ఆదివారం కోరంగి మడ అడవులకు ఫీల్డ్ ట్రిప్పుకి వెళ్లినప్పుడు, చెక్కల దారి మీద నడుస్తుంటే లెక్చరర్ ఒకాయన నడుం మీద చెయ్యి వేశాడట. తర్వాత రాత్రిళ్లు వాట్సాప్‌లో మెసేజీలు. జవాబివ్వడం మానేసరికి ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం ఆపేశాడు. ప్రిన్సిపాల్‌గారికి చెబితే, "అది కాలేజీ బయట, అదీ ఆదివారం జరిగింది. కాగితం మీద ఏమీ తీసుకోకండి. అమ్మాయి నాన్ననీ, ఈయన్నీ కూర్చోబెట్టి ఓ క్షమాపణ చెప్పిద్దాం. ఇకమీదట ఆడపిల్లలకి ట్రిప్పులు మానేద్దాం" అన్నారు. సంగతి తెలిసిన దగ్గర్నుంచి వాళ్ల నాన్న చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానంటున్నాడు. ఆ లెక్చరర్ కుటుంబమూ మేమూ ఒకే వీధివాళ్లం, వాళ్లావిడా నేనూ పండగలకి పిండివంటలు ఇచ్చిపుచ్చుకుంటాం. నేనేం చెయ్యాలి?

సమాధానం: మేడమ్ గారికి నమస్కారం. ముందు ఆదివారం సంగతి తేల్చేద్దాం. కోరంగి ట్రిప్పు మీ కాలేజీ పరిధిలోకే వస్తుంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు 2015 పేరుతో ఉన్నాయి, గెజెట్‌లో వచ్చింది 2016 మేలో. వాటిలో క్యాంపస్ అంటే ప్రహరీ గోడ లోపల ఉన్నది మాత్రమే కాదు. విద్యార్థిగా వెళ్లిన ఫీల్డ్ ట్రిప్పులు, ఇంటర్న్‌షిప్పులు, విహారయాత్రలు, ఆటల పోటీలు, సాంస్కృతిక ఉత్సవాలు, కాలేజీ ఏర్పాటు చేసిన బస్సు, అన్నీ అందులోవే. సెలవురోజు తీసుకెళ్లినంత మాత్రాన ఆయన లెక్చరర్ కాకుండా పోలేదు. ఇక రాత్రి మెసేజీలు ఆయన ఇంట్లో కూర్చుని పంపినా, వాటి వెనకున్న బలం రికార్డు మీద పెట్టాల్సిన సంతకం. చదువుకి సంబంధించిన మేలో కీడో చేతిలో పెట్టుకుని ఇలాంటివి అడగడాన్ని ఆ నిబంధనలు ప్రత్యేకంగా వేధింపుగానే చెప్పాయి.

రెండో సంగతి అంతకన్నా తొందరది. ట్రిప్పు అయి రెండు నెలలైందన్నారు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వడానికి గడువు మూడు నెలలు. వరసగా జరిగినవైతే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క, కాబట్టి ఆఖరి మెసేజీ ఎప్పుడొచ్చిందో, సంతకం చివరగా ఎప్పుడు ఆపాడో కనుక్కోండి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. కానీ ఆ వెసులుబాటు మీద ఆధారపడకండి. ప్రిన్సిపాల్‌గారు కాగితం వద్దన్నది మర్యాదగానే అని ఉండొచ్చు. ఆ మర్యాదలో ఇంకో నాలుగు వారాలు గడిస్తే "గడువు దాటింది కదమ్మా" అన్న మాట కూడా అంత మర్యాదగానే వినబడుతుంది. అమ్మాయికి రాయడం చేతకాకపోతే రాయించి పెట్టడం అధ్యక్షురాలిగా మీ బాధ్యత అని నిబంధనల్లోనే ఉంది. సాయం చెయ్యండి గానీ మాటలు ఆమెవే ఉండాలి. మీ తెలుగు బాగుంటుంది కాబట్టి చెబుతున్నాను, ఆమె "చెయ్యేశాడు" అంటే చెయ్యేశాడనే రాయండి, "అసభ్యంగా ప్రవర్తించారు" అని దిద్దకండి. విచారణలో పనికొచ్చేది మొదటి మాటే.

ఆ కాగితం తీసుకునే ముందు ఒక్కసారి అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ చూడండి. ఇంటర్ అయి నేరుగా డిగ్రీలో చేరిన పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు. సంఘటన నాటికి అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు. అప్పుడు పోలీసులకు చెప్పాలా వద్దా అన్న ఎంపిక మీకుగానీ, ప్రిన్సిపాల్‌గారికిగానీ, అమ్మాయి తండ్రికిగానీ లేదు. తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి విషయంలో చెప్పకుండా దాచిన సంస్థ పెద్దకి ఏడాది దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఈ సంగతి మీ ప్రిన్సిపాల్‌గారికి తెలిసి ఉండకపోవచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీరు డిపార్ట్‌మెంట్ హెడ్‌ననీ రాశారు, కమిటీ అధ్యక్షురాలిననీ రాశారు. యూజీసీ నిబంధనల ప్రకారం వైస్‌చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్‌లతో పాటు శాఖాధిపతులు కూడా ఈ కమిటీలో ఉండకూడదు, కమిటీ పాలనాధికారుల చెప్పుచేతల్లో ఉండకూడదన్నది ఉద్దేశం. మన డిగ్రీ కాలేజీల్లో సీనియర్ మహిళా అధ్యాపకులు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లే హెడ్‌లు కూడా అయి ఉంటారు, న్యాక్ ఫైల్లో పేర్లు నింపేవాళ్లు ఇవేమీ చూడరు. రేపు విచారణ అయి శిక్ష పడ్డాక ఆ లెక్చరర్ తరఫు లాయరు మొదట పట్టుకునేది దీన్నే. గోవా విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కమిటీ హడావిడిగా విచారణ ముగించి, ఆయనకి తన వాదన చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని 2023 మేలో ఆ ఉద్యోగ తొలగింపును కోర్టు పక్కన పెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్లకి ఏళ్ల తరబడి ఎదురుచూపే మిగిలింది. అదే తీర్పులో దేశమంతటా విశ్వవిద్యాలయాలు, కాలేజీలతో సహా ఈ కమిటీలు నిజంగా ఉన్నాయో లేదో, సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని కోర్టు ఆదేశించింది. అందుకని ఒక కాగితం రాసి ప్రిన్సిపాల్‌గారికి ఇవ్వండి, కమిటీని నిబంధనల ప్రకారం సరిచేయమని. కాలేజీ అయితే అధ్యక్షురాలు అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, మహిళల సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి బయటివాళ్లు ఒకరు ఉండాలి. విద్యార్థుల విషయమైతే ఎన్నుకోబడిన ముగ్గురు విద్యార్థులు. మొత్తంలో సగం మంది, లేదా ఎక్కువ, మహిళలే కావాలి. ఆ ముగ్గురు విద్యార్థుల్లో డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు ఉండాలంటుంది నిబంధన. మీ కాలేజీలో డిగ్రీ వరకే ఉంటే ఏం చెయ్యాలో అనుబంధ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

కమిటీ సరయ్యేదాకా ఫిర్యాదు తీసుకోవడం మాత్రం ఆపకండి. తీసుకుని, తేదీ వేసి, అందినట్టు సంతకం చేసిన కాపీ అమ్మాయికి ఇవ్వండి.

ఒకే వీధి సంగతి. డెల్టా ఊళ్లలో ఎవరికి ఎవరు ఏమీ కారు చెప్పండి? బంధుత్వమో, ఇరుగుపొరుగో, ఒకే గట్టు మీద పొలమో, ఏదో ఒకటి ఉంటుంది. దాన్నిబట్టి ప్రతివాళ్లూ తప్పుకుంటే కమిటీలో కూర్చునేవాళ్లే ఉండరు. కానీ పండగలకి ఇళ్లకి వెళ్లే స్నేహం వేరు. అది దాస్తే తర్వాత బయటపడుతుంది, బయటపడ్డప్పుడు మీరు ఎంత న్యాయంగా నడిపించినా ఎవరూ నమ్మరు. ఆ స్నేహం ఉందని మీరే ముందుగా రాసివ్వండి. హెడ్ పదవి కారణం, ఈ కారణం, రెండూ కలిసి చూస్తే ఈ ఒక్క కేసుకి ఇంకో సీనియర్ మహిళని అధ్యక్షురాలిగా నియమించమని అడగడమే మంచిదని నా అభిప్రాయం. మీ కాలేజీలో తగినవాళ్లు లేకపోతే అదే యాజమాన్యం కింది మరో సంస్థ నుంచి తెప్పించుకోవచ్చు. మీరు తప్పుకున్నంత మాత్రాన పని ఎగ్గొట్టినట్టు కాదు. అమ్మాయి మొదట మీ దగ్గరికే వచ్చింది, ఆ వేళ ఆమె ఏం చెప్పిందో, ఎలా ఉందో చెప్పగల సాక్షి మీరు. సాక్షే తీర్పరి కాకూడదు కదా.

ఇక "కూర్చోబెట్టి క్షమాపణ చెప్పిద్దాం" అన్న మాట. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మన వైపు తగువు వస్తే పెద్దమనుషుల దగ్గర పెట్టడం తాతల నాటి అలవాటు. కాలవ నీళ్ల దగ్గర, గట్టు దగ్గర, కౌలు డబ్బుల దగ్గర ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ ఇద్దరూ రైతులే, ఇద్దరికీ రేపు మళ్లీ ఒకరితో ఒకరికి పని పడుతుంది. ఇక్కడ ఒక పక్క ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి, ఇంకో పక్క లంకలోంచి పంటు దాటి, బస్‌పాస్ పెట్టుకుని వచ్చే పిల్ల. ఆ పిల్ల తరఫున మాట్లాడేది ఆమె కాదు, వాళ్ల నాన్న. ఆయనకున్న బెంగ పరువు. ఎదుటాయనకున్న బెంగ ఉద్యోగం. ప్రిన్సిపాల్‌గారికున్న బెంగ కాలేజీ పేరు. ముగ్గురి బెంగలూ పది నిమిషాల్లో తీరిపోతాయి, పిల్లది తప్ప. ఆయన "పొరపాటైపోయిందండీ" అంటాడు, వాళ్ల నాన్న "పోనీలెండి" అంటాడు, టీలు వస్తాయి. సోమవారం ప్రాక్టికల్స్‌కి అదే ల్యాబ్‌లో అదే మనిషి. ఆపైన ఇంకో బ్యాచ్.

నిబంధనల్లో రాజీకి చోటు లేకపోలేదు, అదీ చెప్పాలి. బాధితురాలు తనంతట తాను అడిగితే, కమిటీ ద్వారా రాజీ ప్రయత్నం చెయ్యవచ్చు. ఆమెకి పూర్తి తృప్తి కలిగే పరిష్కారం దొరికితే మంచిదేనని యూజీసీ కూడా అంటుంది. అడగాల్సింది మాత్రం ఆమె. ప్రిన్సిపాల్, తండ్రి, ఊరి ప్రెసిడెంటు, ఎవరు అడిగినా చెల్లదు. డబ్బు ఇచ్చి సర్దుకోవడం అసలు కుదరదు. విచారణ అయి తప్పు రుజువయ్యాక ఆయన దగ్గర వసూలు చేసి ఇప్పించే నష్టపరిహారం వేరు, అది కమిటీ సిఫారసు చెయ్యవచ్చు. ముందే ఒక కవరు చేతిలో పెట్టి కాగితం వెనక్కి తీసుకోమనడం వేరు. రెండోది మన ప్రాంతంలో ఎంత మామూలో నేను చెప్పక్కర్లేదు.

విచారణకి ముందే చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది, చాలా కమిటీలు మర్చిపోయేది ఇదే. రికార్డు సంతకం. విచారణ తొంభై రోజులు పట్టొచ్చు, సెమిస్టర్ పరీక్షలు ఆగవు. అమ్మాయి అడిగితే మధ్యంతర చర్యలు సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉంది. ఆయన ఆమె రికార్డు దిద్దకూడదు, ఇంటర్నల్స్ వెయ్యకూడదు, ప్రాక్టికల్ పరీక్షలో ఆమెకి పరీక్షకుడిగా ఉండకూడదు, దూరంగా ఉండాలి అని ప్రిన్సిపాల్ ద్వారా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి. సంతకం వేరే అధ్యాపకురాలు పెట్టవచ్చు. అవసరమైతే అమ్మాయికి మూడు నెలల దాకా సెలవు కూడా ఇప్పించవచ్చు, హాజరుకీ స్కాలర్‌షిప్‌కీ దెబ్బ తగలకుండా. కానీ సెలవు ఆమె కోరితేనే. సెక్షన్ మార్చడమైనా అంతే. కష్టపెట్టింది ఆయన అయితే పిల్ల ఎందుకు కదలాలి? ఆయన క్లాసులే మార్చండి.

విచారణ పద్ధతి మీకు పరిచయం లేదు కాబట్టి టూకీగా చెబుతాను. ఫిర్యాదు అందిన వారం రోజుల్లో ఆయనకి కాపీ పంపాలి. ఆయన పది రోజుల్లో జవాబు, సాక్షుల పేర్లు, కాగితాలు ఇవ్వాలి. తొంభై రోజుల్లో విచారణ, తర్వాత పది రోజుల్లో నివేదిక. దాని కాపీ ఇద్దరికీ ఇవ్వాలి. అప్పీలు వెళ్లకపోతే ముప్పై రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. ఏ పక్షమూ లాయరుని తెచ్చుకోకూడదు. విచారణకి అధ్యక్షురాలితో సహా కనీసం ముగ్గురు కూర్చోవాలి. అమ్మాయినీ ఆయన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టనక్కర్లేదు, ఆయన అడగదలచిన ప్రశ్నలు రాసి కమిటీకి ఇస్తే కమిటీ అడుగుతుంది. "ఏం బట్టలేసుకున్నావు, ఇంతకుముందు ఎవరితోనైనా తిరిగావా, వెంటనే ఎందుకు చెప్పలేదు" లాంటివి కమిటీలో సీనియర్ ఒకరు అడగబోతారు, ఆ నోరు అక్కడికక్కడే ఆపాలి. రెండు నెలలు ఎందుకు ఆగిందో మీకు అడక్కుండానే తెలుసు: రికార్డు.

ఆధారాల విషయంలో తొందరపడి అమ్మాయి ఫోన్ తీసుకుని దగ్గర పెట్టుకోవద్దు. మెసేజీలు ఏవీ చెరపవద్దని చెప్పండి. నంబరూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించి ప్రింటు తీసుకోండి, ఫోన్ ఆమె దగ్గరే ఉండాలి. ట్రిప్పుకి ఎవరెవరు వచ్చారో జాబితా కాలేజీలోనే ఉంటుంది. చెక్కల దారి ఇరుకుది, ముందూ వెనకా ఎవరు నడిచారో పిల్లలు చెప్పగలరు, ఆరోజు ఫొటోలు వాళ్ల ఫోన్లలో ఉంటాయి. ఎవరూ చూడకపోయినా ఫిర్యాదు వీగిపోదు. ఇది క్రిమినల్ కోర్టు కాదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందా అన్నది చూడాలి. రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అమ్మాయి మీద చర్య తీసుకోకూడదని కూడా నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. "నిరూపించలేకపోతే నీ మీదే కేసు" అని స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా బెదిరిస్తే అది ఉత్త బెదిరింపే.

ఆయన పక్షం కూడా శ్రద్ధగా వినండి. ఇది ఆయన మీద జాలితో చెప్పడం లేదు. గోవా కేసు చూశారు కదా.

పోలీసుల దగ్గరికి వెళ్లడం, అమ్మాయి మేజర్ అయితే, పూర్తిగా ఆమె ఇష్టం. కమిటీ విచారణా పోలీసు కేసూ రెండూ ఒకేసారి నడవొచ్చు, ఒకదాని కోసం ఒకటి ఆగక్కర్లేదు. భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపు, 74వ సెక్షన్ మహిళ మీద దౌర్జన్యంగా చెయ్యి వేయడం. ట్రిప్పు కోరంగి దగ్గర జరిగింది కాబట్టి అక్కడి స్టేషన్‌కే పొమ్మని ఎవరైనా అంటే వినక్కర్లేదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. ఆమె వెళ్తానంటే తోడు వెళ్లే ఏర్పాటు చెయ్యడం కాలేజీ బాధ్యత. వెళ్లనంటే ఒత్తిడి చెయ్యకండి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇచ్చి ఊరుకోండి. రాత్రిళ్లు నిద్ర పట్టక, బెంగతో ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయమనండి, టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

తండ్రి దగ్గరికి మీరు కాలేజీ కారులో వెళ్లకండి. లంకలో కారు ఆగితే ఎవరింటికొచ్చారో సాయంత్రానికి రేవు దాకా తెలుస్తుంది. ఫోన్ చేసి, తల్లిని కూడా రమ్మని, వేరేచోట కలవండి. పరువు గురించి మీరు ఉపన్యాసం ఇచ్చినా ఆయన వినడు. ఆయనకి కావలసిన సమాధానాలు మూడే: పేరు బయటికి వస్తుందా, మళ్లీ ఆ మనిషి కంట పడతాడా, పరీక్షలు పోతాయా. మొదటిదానికి, అమ్మాయి పేరు, సాక్షుల పేర్లు, ఆ మాటకొస్తే లెక్చరర్ పేరు కూడా బయటపెట్టకూడదని నిబంధన ఉందని చెప్పండి. మిగతా రెండింటికీ మధ్యంతర ఉత్తర్వు కాపీ చేతిలో పెట్టండి. కాగితం మీద ముద్ర చూశాక ఆయన గొంతు తగ్గే అవకాశం ఉంది. తగ్గకపోయినా, చదవాలా మానాలా అన్నది, అమ్మాయి మేజర్ అయితే, ఆమే తేల్చుకోవాల్సింది.

పేరు బయటికి రాకూడదన్నది చెప్పినంత తేలిక కాదు. ఫైలు స్టాఫ్‌రూమ్ బీరువాలో పెడితే అటెండర్ దగ్గర్నుంచి అందరూ చదువుతారు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "అమ్మాయి ఫలానా ఊరట" అని ఒక్క మెసేజీ పడితే చాలు, మండల విలేకరి ఫోన్ చేస్తాడు. నోటీసుల మీద పేర్లకి బదులు నంబర్లు వాడండి. విద్యార్థి సభ్యుల చేత కూడా గోప్యత మాట రాయించుకోండి.

ఆడపిల్లలకి ట్రిప్పులు మానేద్దామన్న ప్రిన్సిపాల్‌గారి ఆలోచనకి నాకు నిజంగా కోపం వచ్చింది. చెయ్యేసింది లెక్చరర్ అయితే మడ అడవి చూడకూడనిది అమ్మాయిలా? విద్యార్థినుల భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో మగపిల్లలకి లేని ఆంక్షలు పెట్టకూడదనీ, భద్రతాచర్యలు ఆడవాళ్ల రాకపోకల్ని అడ్డుకునేలా ఉండకూడదనీ అదే యూజీసీ నిబంధనల్లో ఉంది. దానికి బదులు చెయ్యగలిగినవి ఉన్నాయి. ప్రతి ట్రిప్పుకీ మహిళా అధ్యాపకురాలు ఒకరు తప్పనిసరి. బయల్దేరే ముందు బస్సులోనే కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు పిల్లలకి చెప్పాలి. తిరుగు ప్రయాణం ఆఖరి పంటు వేళకి ముందే ముగియాలి, ఆలస్యమైతే ఇంటికి చేర్చే బాధ్యత కాలేజీది. పిల్లలకి అధ్యాపకులు వ్యక్తిగతంగా రాత్రిపూట మెసేజీలు పెట్టకూడదు, ఏదైనా ఉంటే క్లాసు గ్రూపులోనే. రికార్డుల సంతకానికి గడువు తేదీ నోటీసు బోర్డులో ఉండాలి, ఆ తేదీ దాటి ఆపితే ఎందుకు ఆపారో హెడ్‌కి రాసివ్వాలి. ఈ చివరిది నిబంధనల్లో లేదు, నా సలహా. ఒక సంతకం అంత బలం ఇస్తున్నప్పుడు ఆ బలాన్ని తగ్గించే దారి కూడా చూడాలి కదా. ఇంకో మాట, ఈ నిబంధనలు కొందరు మగపిల్లలూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ కూడా వేధింపులకి గురవుతారని గుర్తించాయి. మీ నోటీసు బోర్డులో అది కూడా రాయించండి.

కాలేజీ పేరు, న్యాక్ గ్రేడు పోతాయన్న భయం ఉంటే ప్రిన్సిపాల్‌గారికి ఇలా చెప్పిచూడండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని పరిష్కరించారో ఏటా యూజీసీకి నివేదిక పంపాలి. ఫిర్యాదు వచ్చి పద్ధతిగా విచారించిన కాలేజీకి దాచుకోవాల్సిందేమీ ఉండదు. నిబంధనలు పాటించని సంస్థకి మాత్రం గ్రాంట్లు ఆపడం దగ్గర్నుంచి, ఆ సంగతి జనానికి తెలిసేలా బహిరంగ ప్రకటన ఇవ్వడం దాకా యూజీసీ వెళ్లవచ్చు.

ఆయన ఇప్పటిదాకా మీకు అన్నీ నోటితోనే చెప్పారు. మీరు మాత్రం జవాబు కాగితం మీద ఇవ్వండి: ఫలానా తేదీన ఫిర్యాదు అందింది, కమిటీని సరిచేయమని కోరుతున్నాను, నా స్థానంలో ఈ కేసుకి వేరొకరిని నియమించమని కోరుతున్నాను, మధ్యంతర చర్యలు ఇవి, దయచేసి ఈ వారంలో ఉత్తర్వు ఇప్పించండి. ఆఫీసులో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అమ్మాయి పేరు ఆ లేఖలో రాయకండి, ఫిర్యాదు కాపీ సీలు కవర్లో విడిగా ఇవ్వండి. రేపు ఉదయం మొదటి పీరియడ్‌కి ముందే ఆ పని అయిపోతే మంచిది, మధ్యాహ్నానికి మీ వీధిలో ఎవరో ఒకరు మీతో మాట్లాడటానికి వస్తారు.